దర్బార్ అనుకున్న నాయకి

మేడ్చల్‌లో ఇల్లు కట్టుకుని వచ్చిన కొత్తలో నా డైరీ నిండా కరెంటు కోతలూ రేడియో కచేరీలే. "సాయంత్రం 5.40కి పోయింది, 7.05కి వచ్చింది. వర్ణం, మొదటి రెండు కీర్తనలూ దక్కలేదు" లాంటి వాక్యం ప్రతి రెండు మూడు పేజీలకూ ఒకటి కనబడుతుంది. తొంభై మూడులో రిటైరయ్యాను. అంతకు ముందు ముప్పై నాలుగేళ్లు వాతావరణ శాఖలో పరిశీలకుడిని. వేళకు వెళ్లి థర్మామీటర్లు చూడటం, పడిన వాన కొలవటం, గాలి ఎటు నుంచి వీస్తోందో రాయటం నా పని. ఆ అలవాటు ఉద్యోగంతో పాటు పోలేదు. ఇంటికి వచ్చాక వాన బదులు పాట రాయటం మొదలుపెట్టాను, అంతే.

నాకు పాడటం రాదు. ఏ వాద్యమూ రాదు. చిన్నప్పుడు కోస్తాలో మా వీధి చివర ఒక పాటల మేష్టారు ఆడపిల్లలకు సంగీతం చెప్పేవారు. నేను బయట అరుగు మీద కూర్చుని వినేవాణ్ణి. ఒకరోజు ధైర్యం చేసి నాకూ చెప్పమన్నాను. ఆయన తంబుర మీటి, "స అను" అన్నారు. అన్నాను. మళ్లీ అనమన్నారు. మూడోసారి తర్వాత తంబుర పక్కన పెట్టి, "నీ గొంతు శ్రుతిలో నిలవదు నాయనా. నువ్వు విను. బాగా వినేవాళ్లూ కావాలి కదా" అన్నారు. ఆయన ఊరడించడానికే అని ఉంటారు. నేను దాన్ని పనిగా తీసుకున్నాను. బదిలీ మీద ఏ ఊరు వెళ్లినా శ్రీరామనవమి పందిళ్లలో ఇసుకలో కూర్చుని విన్నాను. రేడియోకి చెవి ఆనించి విన్నాను. రాగాల పేర్లు ఒక్కొక్కటే నేర్చుకున్నాను.

అయితే ఒక వెలితి ఉండేది. పాడేవాడికి గురువు తప్పు చెబుతాడు, సభ చెబుతుంది. వినేవాడికి ఎవరు చెబుతారు? రేడియోలో రాగం పేరు ముందే చదివేస్తారు. పేరు తెలిసి వింటే ఏ రాగమైనా ఆ పేరులాగే వినబడుతుంది. నేను నిజంగా పోల్చుకోగలుగుతున్నానో, పేరు విని తల ఊపుతున్నానో నాకు తెలియదు. నలభై ఏళ్లు విన్న తర్వాత కూడా తెలియదు. అది తెలుసుకోవాలని ఉండేది. జీవితంలో అంతగా కోరుకున్నవి నాకు ఎక్కువ లేవు.

ఆ సమయంలో ఒక స్నేహితుడు దొరికాడు. బతికే ఉన్నామని పింఛనుదారులు ఏటా సంతకం పెట్టి రావాలి కదా, ఆ వరసలో నా పక్కన ఒకాయన తొడ మీద మెల్లగా తాళం వేసుకుంటున్నాడు. మిశ్రచాపు. నేను ఉండబట్టలేక, "ఏం పాడుకుంటున్నారండీ మనసులో?" అన్నాను.

"మీరే చెప్పండి చూద్దాం."

"తాళం చూసి రాగం ఎలా చెబుతామండీ?"

"అయితే శనివారం మా ఇంటికి రండి. రాగం వినిపించే అడుగుతాను."

ఆయన కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. మాలాగే కోస్తా నుంచి వచ్చి అల్వాల్‌లో స్థిరపడ్డారు. చిన్నతనంలో పదేళ్లు ఫిడేలు నేర్చుకున్నారు. వేలు నొప్పి వచ్చి వాయించటం మానేసినా చెవి చెడలేదని ఆయనే అనేవారు. నేను ఆయన్ని మాస్టారూ అనేవాణ్ణి, ఆయన నన్ను బావగారూ అనేవారు. చుట్టరికం ఏమీ లేదు. మా వైపు పిలుపు అది.

ఆ శనివారం నుంచి ఎనిమిదేళ్లు, ఒంట్లో బాగుంటే చాలు, పొద్దుటి ప్యాసింజరులో అల్వాల్ వెళ్లేవాణ్ణి. మొదట్లో రైలు కిటికీలోంచి చూస్తే పట్టాల పక్కన ద్రాక్ష తోటలు వరసగా ఉండేవి. తర్వాత తర్వాత పందిళ్ల రాళ్లు తీసేసి ప్లాట్ల రాళ్లు పాతారు. మాస్టారి ఇల్లు స్టేషనుకు దగ్గర. ముందు గదిలో టేప్ రికార్డరు, దాని పక్క చెక్క పెట్టెలో రేడియో నుంచి ఆయన ఎక్కించుకున్న కేసెట్లు. వాటి మీద పేర్లుండవు, నంబర్లే. ఏ నంబరులో ఏ రాగం ఉందో ఆయన దగ్గరున్న ఒక నోట్‌బుక్కులో మాత్రమే ఉండేది.

ఆట ఇలా ఉండేది. ఆయన ఒక కేసెట్టు పెట్టి, రేడియో మనిషి గొంతు దాటించి, ఆలాపన దగ్గర నుంచి వినిపిస్తారు. ఆలాపన అయ్యేలోగా, పల్లవి ఎత్తుకోక ముందే, నేను రాగం చెప్పాలి. కీర్తన మాట వినబడ్డాక చెబితే లెక్కలోకి రాదు. నేను కళ్లు మూసుకుని వింటాను. చెబుతాను. ఆయన తొడ చరిచి "భేష్!" అంటారు. నేను తీసుకెళ్లిన నీలం అట్ట నోట్‌బుక్కులో తేదీ, కేసెట్టు నంబరు, రాగం, నాకు తోచిన మాట ఒకటి రాసుకుంటాను. "రిషభం దగ్గర ఎక్కువసేపు నిలిచాడు. బాగుంది" లాంటివి. అప్పుడప్పుడు, ఏడాదికి మూడు నాలుగు సార్లు, ఆయన తల అడ్డంగా ఊపి "ఊహూఁ, ఇంకోసారి వినండి" అనేవారు. రెండోసారి చెప్పింది సరైపోయేది.

ఆ తిరుగు ప్రయాణాలు ఎలా ఉండేవో చెప్పలేను. బొల్లారం దాటాక రైలు నెమ్మదిస్తుంది. తలుపు దగ్గర గాలికి నిలబడి ఆ రోజు చెప్పిన రాగాలను ఒకదాని తర్వాత ఒకటి తలుచుకునేవాణ్ణి. ఇంటికి రాగానే నా భార్య, "ఇవాళా ఫస్టు క్లాసేనా?" అనేది. "ఐదుకి ఐదు" అనేవాణ్ణి. "మాస్టారు మంచివాడు కాబట్టి సరిపోయింది. మా నాన్నలాంటి ముక్కుసూటి మనిషి దగ్గరైతే తెలిసేది మీ సంగతి" అని నవ్వేది. నవ్వులాటకే అంది.

ఆ ధైర్యంతోనే మా కాలనీ సంఘం గదిలో ఆదివారాలు రాగాల గురించి చెప్పడానికి ఒప్పుకున్నాను. అడిగింది వాళ్లే. పదిమంది దాకా వచ్చేవారు, ఎక్కువగా ఆడవాళ్లు. ఒక్కో వారం దగ్గరి పోలికలున్న రెండు రాగాలు తీసుకుని, నా కేసెట్లు వినిపించి, తేడా ఎక్కడుందో చెప్పేవాణ్ణి. అందరూ రాసుకునేవారు.

ఎనిమిదో ఏడు మాఘమాసంలో మా వీధిలో వాళ్ల అమ్మాయి పెళ్లి, శామీర్‌పేట రోడ్డు మీద ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. పట్టపగలు ముహూర్తం. మగపెళ్లివారి బస్సు పేట్ బషీరాబాద్ దగ్గర చెడిపోయి ఆగిందని కబురు వచ్చింది. దక్షిణపు గాలి తిరిగి జవహర్‌నగర్ చెత్త వాసన హాల్లోకి కొడుతుంటే అందరూ ముక్కులకు కొంగులూ రుమాళ్లూ అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. చేసే పని లేక సన్నాయి మేళం పెద్దాయన ఒక రాగం అందుకున్నాడు. డెబ్బై ఏళ్లుంటాయి. మేడ్చల్ పాత ఊళ్లో మనిషి. గుళ్లో సేవలకూ పెళ్లిళ్లకూ వాయిస్తాడు. నేను అదివరకు దగ్గరగా కూర్చుని వినలేదు.

ఇరవై నిమిషాలు వాయించాడు. వాసన మరిచిపోయాను. పక్క కుర్చీ ఆయనతో "దర్బార్" అన్నాను. ఆయన "ఓహో" అన్నాడు. ఆపాక ఉండబట్టలేక మేళం దగ్గరకు వెళ్లాను.

"దర్బార్ ఎంత బాగా వాయించారండీ! ఈ రోజుల్లో పెళ్లిలో దర్బార్ ఎవరు వాయిస్తున్నారు?"

ఆయన సన్నాయి పీక తీసి తుడుచుకుంటూ, "దర్బార్ గాదు సారూ. నాయకి" అన్నాడు.

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు ముడుచుకుపోతుంది. "లేదు లేదు, ఇది దర్బారే. నేను ఎన్నో ఏళ్లుగా వింటున్నాను."

డోలు వాయించే మనిషి గట్టిగా నవ్వాడు. "ఏంది సారూ, వాయించినాయనకు ఎర్కలేదంటరా?"

"నువ్వూకోరా" అని పెద్దాయన అతణ్ణి ఆపి నా వైపు తిరిగాడు. "గిది దర్బార్ అని మీకు ఎవరు జెప్పిండ్రు సారూ?"

"అల్వాల్‌లో ఒక మాస్టారున్నారు. ఫిడేలు నేర్చుకున్న మనిషి. ప్రతి శనివారం ఆయన దగ్గరే వింటాను."

"ఆయన జెప్పిండా, మీరు జెప్తే ఆయన ఊ అన్నడా?"

నేను రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాను.

"సరే, కూసోండ్రి. బస్సు ఇంక రాలేదు గదా" అని పీక మళ్లీ పెట్టుకున్నాడు. "ఇది దర్బార్. గాంధారం కాడ రెండుసార్లు తట్టి దిగుతది, నిషాదం కాడ గూడ గంతే. నడక జర జోరుగుంటది. ఇనుండ్రి." వాయించాడు. "ఇగ ఇది నాయకి. గట్ల తట్టద్దు. రిషభం మీద మెల్లగ ఒరిగి ఆగాలె." మళ్లీ వాయించాడు.

ఒక్క నిమిషం కూడా పట్టలేదు. రెండూ వేరు వేరు మనుషుల్లా నిలబడ్డాయి. అంత తేలికగా వినబడే తేడా నాకు అన్నేళ్లూ వినబడలేదు. ఆయనకు దణ్ణం పెట్టి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. పెళ్లి భోజనం ఏం తిన్నానో ఆ రోజు డైరీలో లేదు. మామూలుగా రాస్తాను.

ఇంటికి వచ్చి నీలం నోట్‌బుక్కులు తీశాను. దర్బార్ అని పదకొండు చోట్ల రాసుంది. నాయకి అని ఒక్క చోటా లేదు. ఎనిమిదేళ్లలో మాస్టారి కేసెట్లలో ఒక్క నాయకి కూడా లేదంటే నమ్మవచ్చా? ఫోను చేయలేదు. శనివారం దాకా ఆగాను. ఆ నాలుగు రోజులూ నాకు ఒకటే ఆశ. "అయ్యో, నాకూ తెలియలేదండీ బావగారూ" అని ఆయన అంటే చాలు. ఇద్దరం కలిసి తప్పు విన్నామంటే అది తప్పే కాని, దాన్ని నేను భరించగలను.

శనివారం వెళ్లి కూర్చోగానే, "మాస్టారూ, ఇరవై మూడో నంబరు పెట్టండి" అన్నాను.

పెట్టారు. రెండు నిమిషాలు విన్నాం. "ఇది ఏ రాగం?" అని అడిగాను.

"చెప్పాల్సింది మీరు. నన్నడుగుతారేం?"

"నేను దర్బార్ అన్నాను. మీరు భేష్ అన్నారు. తొంభై ఆరు ఆగస్టులో."

ఆయన టేప్ రికార్డరు ఆపారు. నా నోట్‌బుక్కు వంకా, నా మొహం వంకా చూశారు. "నాయకి" అన్నారు. గొంతులో ఏ తడబాటూ లేదు.

"అప్పుడు తెలుసా?"

"తెలియకేం."

అంతలో వంటింట్లోంచి ఆయన భార్య గొంతు, నవ్వుతూ: "ఏమిటీ, దర్బారు గారికి ఇన్నాళ్లకు తెలిసిపోయిందా?"

దిబ్బరొట్టె ప్లేటుతో గుమ్మంలోకి వచ్చి నన్ను చూసి ఆగిపోయింది ఆవిడ. "అయ్యో, అన్నయ్యగారూ. ఏదో సరదాకండీ..."

"ఆ పేరు ఎవరెవరు అంటారమ్మా?"

ఆవిడ భర్త వైపు చూసింది. "ఇంట్లో అందరూ అంటారండీ. మా అల్లుడు గారు కూడా. మీరంటే అందరికీ ఎంతో ఇది..." అని అక్కడే నిలబడిపోయింది.

మాస్టారు మెల్లగా చెప్పుకొచ్చారు. "చూడండి బావగారూ. మొదటి రోజు మీరు తప్పు చెప్పారు. మొహం వెలిగిపోతోంది. కాదు అనడానికి నోరు రాలేదు. రెండోసారి కాదంటే, మొన్న ఎందుకు చెప్పలేదంటారు. మధ్య మధ్య ఒకటి రెండు ఊహూఁ అంటే మీకు నమ్మకంగా ఉంటుందని అనేవాణ్ణి. తర్వాత అలవాటైపోయింది."

"అలవాటా, సరదానా?"

కొంచెం ఆలోచించి, "రెండూ" అన్నారు. ఆ ఒక్క జవాబు నిజాయితీగా చెప్పారు.

ఆయన నోట్‌బుక్కు ఇవ్వమన్నాను. ఇవ్వనంటారనుకున్నాను, ఇచ్చారు. నంబర్ల ఎదురుగా రాగాల పేర్లు సిరాతో, లెక్కల మాస్టారి పొందికైన అక్షరాలతో ఉన్నాయి. నేను తప్పు చెప్పిన ప్రతిచోటా పక్కన పెన్సిలుతో సన్నగా: "ఆనందభైరవి అన్నారు." "మళ్లీ దర్బార్." "దేవగాంధారి అని ఢంకా బజాయించారు." నా మాటలు, నా తేదీలు. నేను రైల్లో పొంగిపోతూ ఇంటికి వెళ్తున్న వేళ ఆయన ఇక్కడ కూర్చుని ఇవి రాసుకున్నారు. ఆ బల్ల మీదే రెండు నోట్‌బుక్కులూ పక్కపక్కన పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చూశాను. నా తప్పులు అరవై మూడు. ఆవిడ ఇంకా ప్లేటుతో తిరుగుతోందని దిబ్బరొట్టె తిన్నాను. చేయి కడుక్కుని వచ్చేశాను.

పన్నెండింటి దాకా రైలు లేదు. స్టేషను బల్ల మీద కూర్చున్నాను. మా శాఖలో ఒక థర్మామీటరు వారం రోజులు అనుకున్న అంకే చూపిస్తూ ఉంటే సంతోషించేవాళ్లం కాదు. పరికరం చెడిందని రాసి పైకి పంపేవాళ్లం. ఎనిమిదేళ్లు నేను చెప్పింది దాదాపు అంతా సరైనప్పుడు నాకు ఆ అనుమానం ఎందుకు రాలేదు? రాకుండా నేనే చూసుకున్నానని ఆ బల్ల మీద తట్టింది. ఆ మాట మాస్టారి మీద కోపాన్ని కొంచెం కూడా తగ్గించలేదు. ఎగతాళి చేస్తే భరించేవాణ్ణి. నేను ఒక్కటి అడిగాను ఆయన్ని, నా చెవి సరిగ్గా ఉందో లేదో చెప్పమని. లోకంలో ఎవరినీ అడగనిది. దానికే ఆయన అబద్ధం చెప్పారు.

ఆ మర్నాడు ఆదివారం. సంఘం గదిలో లేచి నిలబడి, కిందటి వారాల్లో చెప్పిన వాటిలో మూడు తప్పులున్నాయని, రాసుకున్నవాళ్లు దిద్దుకోవాలని చెప్పాను. ముందు వరసలో ఒకావిడ ఓదార్పుగా, "ఫర్వాలేదు అంకుల్, మేం అవేవీ గుర్తు పెట్టుకోలేదు లెండి" అంది. పక్కనున్నావిడ, "ఆదివారం ఇంట్లో కూర్చుంటే టిఫిన్లు చేయమంటారని వస్తున్నాం" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాతి వారం నుంచి వెళ్లలేదు. వాళ్లూ ఎందుకని అడగలేదు.

కొన్నాళ్లు రేడియో పెట్టలేదు. ఏ పాట వినబడినా ముందు పేరు నోటి చివరికి వచ్చేది, వెనకాలే మాస్టారి పెన్సిలు రాత కనబడేది. నా భార్య ఒక పూట రేడియో తెచ్చి నా ముందు పెట్టి, "ఆయన మీద కోపం వస్తే ఆయన్ని తిట్టండి. ఇదేం చేసింది?" అంది. తిట్టడం నాకు చేతకాదు. మేడ్చల్ పాత ఊళ్లో సన్నాయి పెద్దాయన ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. పొద్దున్నే ఆయన సాధకం చేసుకుంటాడు, పక్కన మేకలు అరుస్తుంటాయి. తప్పు చెబితే తప్పని చెప్పాలి, నా మొహం చూడకూడదు అని అడిగాను.

"మీ మొహం జూసేదేంది సారూ, నాకు కండ్లు మూసుకుని వాయించుడు అలవాటు" అన్నాడు. ఆ రోజు ఐదు వాయించాడు. "గాదు." "గాదు." "ఇది గూడ గాదు." "గాదు." ఒకటి మాత్రం సరిపోయింది, అది మోహన. దాన్ని పాలు పోసే మనిషి కూడా చెబుతాడు. "ఇగ పేరు జెప్పుడు బంద్ వెట్టుండ్రి. ఉత్తగ ఇనుండ్రి కొన్నొద్దులు" అన్నాడు. విన్నాను. పేర్లు లేకుండా వినటం నాకు కొత్త. ఏడాది గడిచేసరికి ఐదింటిలో రెండు, తర్వాత మూడు. ఇప్పటికీ ఐదు రావు.

మాస్టారు రెండు ఉత్తరాలు రాశారు. జవాబు ఇవ్వలేదు. రెండేళ్ల తర్వాత ఒకరోజు పొద్దుటి రైల్లో ఆయనే మా ఇంటికి వచ్చారు. చిక్కిపోయారు. నా భార్య కాఫీ ఇచ్చింది. మోకాళ్ల గురించి, అల్వాల్‌లో నీళ్ల గురించి మాట్లాడాం. మాటలు అయిపోయాయి. ఆయన కాసేపు గోడ వంక చూసి, సన్నగా ఆలాపన మొదలుపెట్టారు. గొంతు ఇంకా శ్రుతిలోనే ఉంది. నాలుగు సంగతులు పాడి ఆపి, ఎప్పటిలా నా వైపు చూశారు.

నాకు మొదటి సంగతికే తెలిసింది. చెప్పలేదు.

"చెప్పండి బావగారూ" అన్నారు. ఆ గొంతులో బతిమాలటం ఉంది.

"మీరే చెప్పండి మాస్టారూ."

"శహన" అన్నారు. కాసేపు కూర్చుని లేచారు. నేను స్టేషను దాకా వెళ్లి రైలెక్కించి వచ్చాను.

ఇంటికి వచ్చి డైరీ తెరిచి, ఆయన వచ్చిన వేళ, వెళ్లిన వేళ రాశాను. శహన అని రాయబోయి కలం ఆపాను. నాకూ అదే అనిపించింది, ఆయనా అదే అన్నారు. అయినా చేయి సాగలేదు. చెప్పులు వేసుకుని పాత ఊళ్లోకి నడిచాను. సన్నాయి పెద్దాయన మేకలకు ఆకు వేస్తున్నాడు. మాస్టారు పాడిన సంగతులు నా వంకర గొంతుతో నాలుగైదుసార్లు పాడి చూపించాను. ఆయన నవ్వు ఆపుకోలేక కళ్లు తుడుచుకున్నాడు.

"శహననే గద సారూ. గిది గూడ నన్నడగాల్నా?" అన్నాడు.

ఇంటికి తిరిగి వచ్చి అప్పుడు రాశాను.